నలభై అయిదు అడుగుల బండి

"ఆపండి, ఆపండి. ఇంకో జానెడు వస్తే కుళాయి విరుగుతుంది," అంది వెర్నా, వెనక టైరు పక్కన నిలబడి.

వంటగది, పడక అన్నీ లోపలే ఉన్న నలభై అయిదు అడుగుల మోటర్‌హోమ్ దారికి అడ్డంగా ఆగింది. మూతి ఎదుటి వరుసలోని ముళ్లపొదల్లోకి వెళ్లింది. తోక పదిహేడో నంబరు స్థలంలోకి ఇంకా దూరలేదు. ఇది ఏడో ప్రయత్నం.

కిటికీలోంచి ఆర్విల్ తల బయటపెట్టాడు. డెబ్బై ఏళ్లుంటాయి. "తప్పు నాదేనండి. మళ్లీ చూస్తాను," అన్నాడు.

యూమా ఊరి బయట ఎడారిలో, బళ్లు నిలుపుకుని కాపురముండే ఆ పార్కుకి చలికాలమంతా మంచు పడే ఉత్తరాది రాష్ట్రాల నుంచి ఇలాంటి బళ్లు వస్తాయి. వచ్చినవాళ్లకి చోటు చూపించడం వెర్నా పని. అందుకు బదులుగా ఆమె బండికి అద్దె లేదు. ఎవరి బండయినా ఇరుక్కుంటే కుర్చీలో కూర్చుని చూడటం అక్కడ మర్యాద కాదు. అప్పటికే ఆరుగురు లేచి వచ్చారు.

"ఏమయ్యా, మొదటి బండేనా?" అన్నాడు పక్క స్థలంలో ఉండే డ్వేన్.

"మొదటిదే."

"నేను పదహారు అడుగుల డబ్బాతో మొదలుపెట్టాను. నువ్వేమో ఈత నేర్చుకోవడానికి సముద్రంలోకి దిగావు."

"అమ్మినవాడూ చిన్నదే చూపించాడు. ఎక్కడైనా ఇట్టే పట్టేస్తుందన్నాడు. అందుకే వద్దన్నాను."

అందరూ నవ్వారు. "వెనక కెమెరా లేదా?" అని ఎవరో అడిగారు.

"ఉంది. దాంట్లో ఏది ఎటో నాకు తెలియడం లేదు."

మళ్లీ నవ్వారు. వెర్నా నవ్వలేదు. దారిలో వెనక రెండు బళ్లు ఆగి ఉన్నాయి.

"ఆర్విల్ గారూ, ఇది అయ్యే పని కాదు. హైవే పక్కన పెద్ద చోటుంది. వెనక్కి పోనివ్వాల్సిన పని లేదు, ఇటు దూరి అటు పోవడమే. అక్కడికి వెళ్లండి."

"అక్కడ పక్కన ఎవరున్నారు?"

"ఎవరూ లేరు. ప్రశాంతంగా ఉంటుంది."

ఆర్విల్ రెండు చేతులూ స్టీరింగు మీద పెట్టుకున్నాడు. "ఇంకొక్కసారి చూడనివ్వండి. పట్టకపోతే వెళ్లిపోతాను," అన్నాడు.

ఆరుగురూ తలో మూల నిలబడ్డారు. "ఎడమకి, ఎడమకి. నీ ఎడమ కాదయ్యా, నా ఎడమ." ఎనిమిదోసారికి బండి పట్టింది. చప్పట్లు కొట్టారు. డ్వేన్ భార్య బెర్నిస్ లోపల చూసొస్తానని ఎక్కింది. రెండు సోఫాలు, ఎనిమిది మంది కూర్చునే బల్ల ఉన్నాయి. గిన్నెలు ఆరబెట్టే చోట ఒక ప్లేటు, ఒక కప్పు ఉన్నాయి. దిగి వచ్చి, "సాయంత్రం మా చలిమంట దగ్గరికి రా. తిండి తెచ్చుకోకు," అంది.

మూడు రోజులు పార్కులో ఆ కథే చెప్పుకుని నవ్వారు. ఆర్విల్ చేతే చెప్పించారు. నాలుగో రోజుకి ఎవరి కుక్కో తప్పిపోయి దొరికింది, కథ మారింది. ఆ సాయంత్రం ఆర్విల్ తన బండి మెట్ల మీద ఒక్కడే కూర్చుని ఉండటం వెర్నా చూసింది.

ఆదివారం పొద్దున అందరూ పార్కు హాల్లో ఫలహారానికి వెళ్లారు. తాళాల గుత్తి మరిచిపోయి వెర్నా వెనక్కి వచ్చింది. వరుసలో మనిషి లేడు. మురుగు ట్యాంకు ఖాళీ చేసుకుని ఆర్విల్ బండి తిరిగి వస్తోంది. పదిహేడో నంబరు దాటి ఆగింది. ఒక్కసారి మెలిక తిరిగి, కుళాయికీ తుమ్మచెట్టుకీ మధ్య నుంచి ఎక్కడా ఆగకుండా వెనక్కి దూరిపోయింది. స్టీరింగు మీద ఒక చెయ్యే ఉంది. రెండో చేతిలో కాఫీ కప్పు ఉంది.

ఆర్విల్ దిగేసరికి వెర్నా ఎదురుగా నిలబడి ఉంది.

"ఎన్నేళ్లు నడిపారు?"

ఆర్విల్ కప్పు మెట్టు మీద పెట్టాడు. "ముప్పై ఒకటి. పద్దెనిమిది చక్రాల లారీలు."

"మరి ఆ రోజు?"

అతను వరుస పొడుగునా ఉన్న ఖాళీ కుర్చీల వైపు చూశాడు. "చిన్న బండికి ఎవరూ లేవరండి. పెద్ద బండయినా, ఒక్కసారికే పట్టేస్తే లేవరు."

వెర్నా కుళాయి వైపు, తుమ్మచెట్టు వైపు చూసింది.

"హైవే పక్కకి పొమ్మంటారా?" అని అడిగాడు.

"పదిహేడు రేపు వేరేవాళ్లకి రాసి ఉంది. మీరు తొమ్మిదికి మారాలి. సాయంత్రం అయిదింటికల్లా తీసెయ్యండి," అని చెప్పి ఆమె తాళాల కోసం వెళ్లిపోయింది.

మర్నాడు అయిదింటికి తొమ్మిదో నంబరు ముందు బండి ఆగింది. చుట్టుపక్కల కుర్చీలన్నీ నిండి ఉన్నాయి. వెర్నా దాని వెనక్కి వెళ్లి, ఆ స్థలం మూలనున్న చెట్టు పక్కన నిలబడింది. ఆమె ముందు నటించడానికి ఆర్విల్‌కి మొహం చెల్లలేదు. బండిని తిన్నగా వెనక్కి వదిలాడు. గీసిన గీత మీద నడిచినట్టు వచ్చింది.

డ్వేన్ సగం లేచాడు. "అబ్బో, వారంలోనే నేర్చేసుకున్నాడే. ఇక మనమెందుకు," అని మళ్లీ కూర్చున్నాడు. బెర్నిస్ అల్లిక చేతిలోకి తీసుకుంది. మిగిలినవాళ్లూ చూపులు తిప్పుకున్నారు.

ఇంకో ఆరడుగులు వస్తే అయిపోతుందనగా, వెర్నా ఆ కుర్చీల వైపు ఒకసారి చూసి, అతనికి అద్దంలో కనబడేలా జరిగి, చెయ్యెత్తి బండిని చెట్టు మీదికి రమ్మని పిలిచింది.