ఉలి మొనమీద కన్ను

“రేకు కోసేటప్పుడు కన్ను ఉలి మొనమీదే ఉండాలి. చూపు పక్కకు పోయిందో, వేలు పచ్చడే!” సుత్తి ఎత్తుతూ అన్నారు వర్క్‌షాపు మాస్టారు.

ఇరవై ఏళ్ళుగా ఇదే పాఠం. ఒక్కరి చెవికీ ఎక్కదని ఆయన ఉక్రోషం. ఇవాళ దిక్కులు చూస్తున్నదెవరో పట్టేద్దామని, సుత్తి దింపుతూనే తలెత్తి చూశారు.

పదిహేనుమంది పిల్లలూ కళ్ళార్పకుండా ఉలి మొననే చూస్తున్నారు. మాస్టారు మురిసిపోయారు.

సుత్తి సరిగ్గా ఆయన బొటనవేలిమీద పడింది.

“అబ్బా!”

ముందు నిలబడ్డ అమ్మాయి పరుగున వచ్చి, చల్లటి నీళ్ళ సీసా ఆయన వేలికి ఆనించింది. “మేమంతా మొననే చూశాం మాస్టారూ. చూడంది మీరొక్కరే!”

ఉబ్బుతున్న వేలివంక చూసుకుని మాస్టారు నిట్టూర్చారు.

“పోనీలేమ్మా. ఇరవై ఏళ్ళకి నా పాఠం నాకైనా ఒంటబట్టింది.”