నవ్వుతున్న ఫొటో

“నవ్వుతున్న ఫొటో ఒకటి కావాలండీ. కాస్త పెద్దదీ, ముఖం కళగా ఉన్నదీ అయితే బాగుంటుంది,” అన్నాడు ఆర్ట్ డైరెక్టరు, గోడ కొలిచిన టేపు చుట్టుకుంటూ.

మామగారు మేకప్ కుర్చీలోంచి చటుక్కున లేచి నిలబడ్డాడు. సీరియల్స్‌లో తలలు నెరిసినవాళ్ళకు ఆ మాటకు అర్థం విడమరిచి చెప్పక్కర్లేదు. ఆర్ట్ డైరెక్టరు నవ్వుతున్న ఫొటో అడిగాడంటే ఆ పాత్రను గోడకెక్కిస్తున్నారన్నమాట. ఆపైన మిగతావాళ్ళంతా ఆ ఫొటో ముందు నిలబడి ఏడుస్తారు, శపథాలు చేస్తారు, ఆస్తి కోసం కొట్టుకుంటారు. ఫొటోలోని మనిషి మాత్రం ఇంట్లో ఖాళీగా కూర్చుని టీవీలో తననే చూసుకుంటాడు.

ఆయన అసలు పేరు ఎవరికీ గుర్తులేదు. సీరియల్లో మామగారి వేషం వేసి వేసి, కూరల కొట్టువాడి దగ్గర్నుంచి బ్యాంకు మేనేజరు దాకా అందరికీ మామగారే అయిపోయాడు. సినిమావాళ్ళు పిలవడం ఎప్పుడో మానేశారు. ఈ పిలుపు కూడా పోతే ఇక మిగిలేది బట్టతల ఒక్కటే.

పరుగున వెళ్ళి డైరెక్టరును పట్టుకున్నాడు.

“ఏమిటండీ ఈ అన్యాయం? నన్ను చంపేస్తున్నారా?”

“ఇంకా ఖాయం కాలేదు సార్. రచయితగారు సాయంత్రం ఏ సంగతీ చెబుతానన్నారు.”

“ఆ మహానుభావుణ్ణి ఒక్కసారి చూపించండి. కాళ్ళు పట్టుకుంటాను.”

డైరెక్టరు చేతిలోని ఫోను చూపించాడు. “ఎవరికీ కనబడకూడదన్న షరతు మీదే రాయడానికి ఒప్పుకున్నారు సార్. ఫోన్లో సీన్లు వస్తాయి, మేం తీస్తాం. రేటింగు ఆకాశంలో ఉంది. నేనెందుకు కెలుక్కుంటాను చెప్పండి?”

ఆ అజ్ఞాత మేధావి అంటేనే మామగారికి ఒళ్ళుమంట. వచ్చిన దగ్గర్నుంచి తనమీద పగబట్టినట్టే రాస్తున్నాడు. ముందు షుగరూ, బీపీ తెప్పించాడు. కుటుంబమంతా విందు భోజనం చేస్తుంటే మామగారు ఓ మూల కూర్చుని ఉప్పు లేని జావ తాగాలి. డైరెక్టరుకు తృప్తి కలిగేదాకా గిన్నెలకు గిన్నెలు తాగాడు పాపం. తర్వాత మతిమరుపు తెప్పించాడు. కట్టుకున్న భార్యనే “నువ్వెవరమ్మా?” అని అడిగించాడు. నిన్నటికి నిన్న మాట పడిపోయేలా చేశాడు. గొంతు విని అందరూ పిలిచి మరీ వేషాలిచ్చిన నటుడు, ఇప్పుడు మంచం మీద పడుకుని కనుబొమలతో నటించాల్సి వచ్చింది. కోడలి వేషం వేసే పిల్లకు మాత్రం పేజీలకు పేజీలు డైలాగులు! ఆ పిల్లే రచయితను బుట్టలో వేసుకుందని మామగారి అనుమానం. విరామంలో ఎవరికో ఫోను చేసి కిలకిలా నవ్వుతుంది మరి.

ముఖం మాడ్చుకుని ఇంటిదారి పట్టాడు. మలుపులో ఇస్త్రీ ఆవిడ అడ్డుపడింది.

“మామగారూ, మీకు మళ్ళీ మాట వస్తుందా?”

“వస్తుందమ్మా,” అన్నాడు.

ఆయనకు నిజంగానే భయం వేసింది. రేపటి నుంచి ఈవిడ కూడా అడగదు.

వీధివీధంతా తర్వాతేం జరుగుతుందో చెప్పమని ప్రాణం తోడేస్తుంది. అడగని మనిషి ఆయన భార్య ఒక్కతే. టీవీ ముందు కూర్చుంటుంది, చూస్తుంది, లేచిపోతుంది. కళాహృదయం లేని మనిషని ఆయన ఎప్పుడో తేల్చేశాడు. మధ్యాహ్నమంతా ఫోను పట్టుకుని చెల్లెలితో కబుర్లు తప్ప ఆవిడకు వేరే లోకం లేదని ఆయన నమ్మకం.

ఆయన వచ్చేసరికి ఆవిడ చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తోంది.

“నవ్వుతున్న ఫొటో ఒకటి వెతుకు,” అన్నాడు కుర్చీలో కూలబడి. “నన్ను చంపుతున్నారు.”

“అయ్యో,” అంది. చేతులు కడుక్కుని ఆల్బం తెచ్చి చివరిదాకా తిరగేసింది. “ఇంట్లో తీసినవాటిలో నవ్వింది ఒక్కటీ లేదండీ. నవ్వినవన్నీ షూటింగువే.”

“ఏం చూసి నవ్వాలి ఈ కొంపలో? నీ ఉప్పుకషాయం కూరలు తిని నవ్వమంటావా?”

“మొన్న పెళ్ళిరోజుకు ఒకటి తీయించుకుందామన్నాను. మీరు మరిచిపోయారు.”

“నాకు సవాలక్ష పనులు!”

“పోనీ, నేనో మాట చెప్పనా?”

“వద్దు తల్లీ! ఆమధ్య చుట్టాల ముందు కూడా ఇంతే. కథల గురించి నీకేం తెలుసని నోరు విప్పావు? మూసుకోమన్నానని అలకొకటి!”

“మూసుకున్నానుగా,” అంది ఆవిడ ఆల్బం పక్కన పెడుతూ. “ఒక్కటి మాత్రం చెప్పండి. మామగారు పోతే, సీరియల్లో ఆయన భార్య గతేమిటి?”

“దాని సంగతి ఎవడిక్కావాలి? వెనక నిలబడి కాఫీలందించే పాత్ర. ఉంటే ఎంత, పోతే ఎంత!”

ఆవిడ కాసేపు ఆయన ముఖంలోకి చూసింది. జాలిపడుతోంది కాబోలనుకుని ఆయన కాస్త మెత్తబడ్డాడు. ఆవిడ కాఫీ తెచ్చి ఇచ్చింది. ఒక గుక్క తాగి కప్పు తోసేశాడు.

“చల్లారిపోయింది. వేడిచేసి తగలడు.”

ఆవిడ కప్పు తీసుకుని వంటింట్లోకి వెళ్ళింది. పొయ్యి వెలిగించిన చప్పుడు, ఆ వెనకే ఫోను నొక్కిన చప్పుడు. చెల్లెలికే అయి ఉంటుంది. ఇల్లు తగలబడుతున్నా ఈవిడ కబుర్లు ఆగవు కదా అని విసుక్కుంటూ ఆయన అద్దం ముందుకు నడిచి, ఫొటో కోసం ఒక నవ్వు తెచ్చిపెట్టుకున్నాడు. ఆ నవ్వు ఇంకా పెదవుల మీద కుదురుకోకముందే వంటింట్లోంచి ఆవిడ గొంతు వినిపించింది.

“సీను రాసేశాను డైరెక్టరుగారూ, ఫొటోకు ఫ్రేము కట్టించేయండి.”