తర్బా సాక్ష్యం

“తర్బా ఔనంటే ఇవాళ ఇంటికెళ్ళి భోంచేస్తావు. కాదంటే జైలు బండెక్కుతావు. మధ్యలో ఇంకేం లేదు,” అంది వకీలు కుంబా, కోర్టు వరండాలో నడుస్తూనే.

“జైల్లో టీ మరీ ఘోరం. ఇంట్లోలా మూడో గ్లాసు ఎప్పుడూ పొయ్యరు,” అన్నాడు సాలెక్.

“జోకులెయ్యకు. ఇది రెండోసారి. ఈసారి ఐదేళ్ళకు తక్కువ వెయ్యరు.”

ఎడారి దేశపు రాజధాని నౌక్‌షోత్‌లో బానిసత్వం మీద పుస్తకాలు వేసే ధైర్యం చాలామందికి లేదు. సాలెక్ నాలుగు వేశాడు. మొదటిదానికి పద్దెనిమిది నెలలు లోపల ఉన్నాడు. నాలుగోది తర్బా కథ.

తర్బాకు చదువు రాదు. ఐదు నెలలపాటు ప్రతి గురువారం చేపల బజారుకని వచ్చి, అతని గదిలో చాప మీద గంటసేపు కూర్చుని చెప్పేది. అతను రాసుకునేవాడు. బానిస కడుపున బానిసగా పుట్టడం, ఏడేళ్ళప్పుడు బావి దగ్గర తిన్న దెబ్బలు, అన్నీ చెప్పింది. చివరికి యజమాని ఇంటి పెద్దాయన చనిపోతూ “దీన్ని వదిలెయ్యండి” అన్న రోజు దాకా వచ్చింది.

“తర్వాత?” అని అడిగాడు సాలెక్.

“పొద్దుపోతోంది నాయనా, చేపలు కొనాలి,” అంటూ లేచి వెళ్ళింది. మళ్ళీ రాలేదు. ఎంత వెతికించినా జాడ తెలియలేదు. అచ్చుకు ఆలస్యమవుతోందని ఆఖరి పేజీ అతనే పూర్తి చేశాడు.

పుస్తకం పక్కదేశంలోని డకార్‌లో అచ్చయి, సరిహద్దు నది దాటి వచ్చిన ఇరవై రోజులకే పెద్దాయన కొడుకు సిదాతి కేసు పెట్టాడు. తమ ఇంట్లో బానిసలే లేరని, పుస్తకమంతా కట్టుకథని అతని వాదన. అందుకు సాక్షిగా తర్బానే పిలిపించాడు.

గేటు ముందు తెల్ల కారు ఆగింది. గంజి పెట్టిన నీలం దర్రా అంగీ సర్దుకుంటూ సిదాతి దిగాడు. వెనక తలుపు తీసుకుని తర్బా దిగింది. ఒంటికి చుట్టుకున్న కొత్త మెల్హఫా, మడతలు కూడా పోలేదు.

“వాళ్ళ కారులోనే వచ్చింది,” అంది కుంబా మెల్లగా.

“కొనేశారు.”

“బెదిరించారేమో.”

“ఏదైతేనేం? లోపలికి పోయేది నేనే కదా!”

తర్బా అతని పక్కనుంచే వెళ్ళింది. తల ఎత్తలేదు.

సిదాతి బోనెక్కి గుండె మీద చెయ్యి వేసుకున్నాడు. “మా ఇంట్లో బానిసలా? అయ్యా, ఈమె మాతోపాటు ఒకే పళ్ళెంలో తిని పెరిగింది. నాకు అక్కలాంటిది. ఈ మనిషి జైలునుంచి వచ్చాక పని దొరక్క మా పరువు అమ్ముకుని తింటున్నాడు.”

సాలెక్ లేవబోయాడు. కుంబా అతని చొక్కా పట్టి కూర్చోబెట్టింది.

జడ్జి చెప్పగా గుమస్తా పుస్తకంలోంచి కొన్ని పేజీలు పైకి చదివాడు. బావి దగ్గరి దెబ్బల భాగం వస్తుంటే వెనక బల్లల మీది ఆడవాళ్ళు తలలు దించుకున్నారు. తర్బా రాయిలా కూర్చుంది. ఆఖరి పేజీ చదువుతుండగా మాత్రం తల తిప్పి సాలెక్‌ని చూసింది. ఆ చూపులో ఏముందో అతనికి అంతుపట్టలేదు.

“విన్నావు కదమ్మా. ఇదంతా నిజమేనా?” అన్నాడు జడ్జి.

తర్బా లేచి నిలబడింది. సిదాతి చిన్నగా దగ్గాడు.

“ఇందులో అబద్ధముందయ్యా,” అంది.

“అల్‌హందులిల్లా!” అన్నాడు సిదాతి గట్టిగానే.

జడ్జి రాసుకోమన్నట్టు గుమస్తాకు సైగ చేశాడు. తలుపు దగ్గరున్న పోలీసు వచ్చి సాలెక్ వెనక నిలబడ్డాడు. సాలెక్‌కి కోపం రాలేదు. తన చాప మీద కూర్చుని ఏడ్చిన మనిషి ఈమేనా అనిపించింది, అంతే.

కుంబా దిగ్గున లేచింది. “అయ్యా, అబద్ధమేదో కూడా ఆమెనే చెప్పనివ్వండి. తర్బా, బావి దగ్గర దెబ్బలు అబద్ధమా?”

“కాదమ్మా. మచ్చ ఇంకా ఉంది.”

“మేక తప్పిపోయిందని రెండు రోజులు ఎండలో కట్టేశారన్నది?”

“రెండు కాదు, మూడు. నేనే తక్కువ చెప్పాను.”

హాలంతా గుసగుసలు. సిదాతి ముఖంలో నవ్వు చెదిరింది.

“తర్బా!” అని అరిచాడు.

ఆ పిలుపుకు ఆమె అలవాటుగా ఒక అడుగు అతనివైపు వేసింది. మళ్ళీ ఆగి, బల్ల అంచు పట్టుకుంది.

“నువ్వు కూర్చోవయ్యా!” అని సిదాతిని గద్దించి, జడ్జి ఆమెవైపు ముందుకు వంగాడు. “మరి అబద్ధమేదమ్మా?”

తర్బా గుమస్తా చేతిలోని పుస్తకం వైపు చూసింది.

“నన్ను వదిలేశారని రాశాడయ్యా.”