చప్పిడి కూడు

సాలమన్ నాలుకకి ఉప్పు తగిలి రెండేళ్ళయింది.

మలేషియాలోని కువాలా సెలంగోర్‌లో ముప్పై ఏళ్ళు బస్సు నడిపిన మనిషి. ఏ కొట్లో చేపల పులుసు బాగుంటుందో కళ్ళు మూసుకుని చెప్పగలడు. అలాంటివాడికి ఏ గతి పట్టింది! బంగాళాదుంప ముక్కలు కోసి, నానబెట్టి, ఉడకబెట్టి, ఆ నీళ్ళు పారబోసి, మిగిలిన పిప్పినే కూర అనుకోవాలి. ఎండుచేప లేదు. కొబ్బరినీళ్ళు లేవు. అరటిపండు పేరే ఎత్తకూడదు. వారంలో మూడు రోజులు క్లాంగ్‌లో డయాలిసిస్ సెంటరు, మిగతా నాలుగు రోజులు ఈ వంటిల్లు. జైల్లో ఉన్నవాడికైనా విడుదల తేదీ ఉంటుంది.

డాక్టరు మాట ఒక్కటే. "ఒంట్లో వాపు లోలోపల కండని తినేస్తోంది. గుడ్డు తెల్లసొన, చేప ముక్క రోజూ పడాలి. ఉప్పు, అరటిపండు వద్దు. ఈసారి పొటాషియం పెరిగితే గుండె ఆగిపోవచ్చు."

అన్నిటికన్నా పెద్ద సంకెల భార్య మాగ్డలీన్. పాస్టరు ముందర బైబిల్ మీద చెయ్యేసి మరీ చెప్పింది.

"ఇద్దరికీ ఒకే కుండ. నువ్వు సప్పిడి తింటే నానూ సప్పిడే తింటాను. నువ్వు తప్పిననాడు నానూ తప్పుతాను, అంతే లా."

ఆ పిచ్చి మాటకి సాలమన్ కూడా చెయ్యేశాడు.

శనివారం మార్కెట్ దగ్గర కొంప మునిగింది. పీసాంగ్ గోరెంగ్! నూనెలోంచి అప్పుడే తీసిన అరటిపండు బజ్జీలు. కాళ్ళు వాటంతటవే ఆగాయి. ఒకటి చాలనుకున్నాడు. నాలుగు తిన్నాడు. అబ్బ, ప్రాణం లేచొచ్చింది! మూతి తుడుచుకుని, రెండు యాలకులు నమిలి, ఏమీ ఎరగనట్టు ఇంటికొచ్చాడు.

మాగ్డలీన్ అతని చొక్కా మీద నూనె మరక చూసింది. దగ్గరికొచ్చి వాసన చూసింది.

"ఎక్కడికెల్లినావు?"

"ఎక్కడికీ లేదే."

ఆమె తిట్టలేదు, ఏడవలేదు. ఆదివారం సాయంత్రం పక్కింటి షెర్లీ ఇంట్లో ప్రార్థన ఉందని ఒక్కతే వెళ్ళి, మూతి తుడుచుకుంటూ వచ్చింది. నాలుగు తిట్టినా బాగుండేదని సాలమన్‌కి అనిపించింది.

సోమవారం సెంటర్లో ఇద్దరూ పక్కపక్కనే కూర్చున్నారు. నర్సు కమలాక్షి, పొద్దున తీసిన రక్తం రిపోర్టు పట్టుకొచ్చింది. ముఖం గంటు పెట్టుకుని ఉంది.

"పొటాషియం ఆరు పాయింట్ ఎనిమిది! అరటిపండు తిన్నారు కదూ?"

మాగ్డలీన్ తలొంచుకుంది. ఇక దాచి లాభమేముంది?

"నానే తిన్నాను సిస్టర్. నాలుగు బజ్జీలు తిన్నాను. తప్పంతా నాదే" అన్నాడు సాలమన్.

"మీరు తింటే ఆంటీ రక్తంలో ఎలా పెరుగుతుందంకుల్?" అంటూ కమలాక్షి మాగ్డలీన్ చేతికి డయాలిసిస్ సూది గుచ్చింది.