నెల్లీ గోడ మీద చోటు

"ఆ దిక్కుమాలిన పలక నా గడప దాటి రావడానికి వీల్లేదు," అంది నెల్లీ.

విల్ఫ్ గుమ్మంలోనే ఆగిపోయాడు. అతని చంకలో ఉన్నది హెబ్డెన్ పేరూ ముద్రా చెక్కిన చెక్క పలక. హెబ్డెన్ అంటే సరుకు ఓడలకు కాపలా కాసిన ఫ్రిగేట్ రకం యుద్ధనౌక.

లివర్‌పూల్ రేవులో నెల్లీ పబ్‌కు ఒక ఆనవాయితీ ఉంది. శత్రువు జలాంతర్గామిని ముంచిన ఓడ పలకకే ఆమె గోడ మీద చోటు. యుద్ధం అయిపోయింది. వచ్చే వారం హెబ్డెన్‌ను తుక్కు కింద కోసేస్తారు. ఈ గోడ ఎక్కకపోతే దాని పేరు ఇంకెక్కడా మిగలదు. మూడేళ్ళు దాని ఫిరంగి దగ్గరే బతికిన విల్ఫ్‌కు ఆ బాధ అంతా ఇంతా కాదు.

నెల్లీ కడుపుమంట నెల్లీది. సరుకు ఓడలో బొగ్గు వేసే ఆమె భర్త సముద్రం పాలైంది హెబ్డెన్ కాపలాలోనే.

"నీళ్ళలోంచి చెయ్యి ఊపుతుంటే పక్కనుంచే పోయారటగా? కుక్క పడ్డా ఆగుతారయ్యా ఎవరైనా."

"ఆగొద్దని ఉత్తర్వు అమ్మా. ఆగితే మేమూ మునుగుతాం."

"మునగాల్సింది. పీడా పోయేది."

తాగేవాళ్ళు తలలు దించుకున్నారు. విల్ఫ్ మాత్రం కదల్లేదు.

"మీ ఆయన ఓడను ముంచినదాన్ని ముంచింది మేమే," అన్నాడు మెల్లగా.

గ్లాసు తుడుస్తున్న నెల్లీ చెయ్యి ఆగింది. ఆ జలాంతర్గామి నంబరు ఆమెకు కంఠతా వచ్చు. రోజూ దాన్ని తిట్టుకోనిదే ఆమెకు నిద్ర పట్టదు.

"నంబరు చూశావా?"

"పైన రాసుంది. నా కళ్ళతో చూశాను. ఫిరంగి పేల్చింది నేనే."

"ఎవడన్నా తేలాడా?"

"ఒక్కడూ తేలలేదు."

"కేకలు?"

"వినపడలేదమ్మా."

"చచ్చారన్నమాట వెధవలు."

విల్ఫ్ గడప దాటి వచ్చి పలకను ఆమె ముందు పెట్టాడు. నెల్లీకి ఏడుపు తన్నుకొచ్చింది. ఇన్నాళ్ళకు కడుపు చల్లబడింది. తనే స్టూలెక్కి, భర్త ఫొటో పక్కన మేకు కొట్టి పలక తగిలించింది. విస్కీ పోసి విల్ఫ్ ముందుకు తోసింది.

అతను ఆమె ముఖం చూడకుండా తాగేసి వెళ్ళిపోయాడు.

విల్ఫ్ చెప్పినదాంట్లో అబద్ధం ఒక్కటీ లేదు: యుద్ధం ముగిశాక వదిలించుకోవడానికి తాడు కట్టి నడిసముద్రానికి లాక్కెళ్ళి ముంచిన ఆ జలాంతర్గామిలో మనిషన్నవాడే లేడు, అందులోని వాళ్ళంతా అప్పటికే లొంగిపోయి ఖైదీల శిబిరంలో మూడు పూటలా తింటున్నారు.