బొంగరం బలపాలు

పేపరు ముక్కలో విటమిను లోపానికి మొత్తం తొమ్మిది లక్షణాలున్నాయి. ఏడో తరగతితో చదువాగిన కోడలు, కూడబలుక్కుంటూ నాలుగుసార్లు చదివింది. ఏడు కలిశాయి. "అశ్రద్ధ చేస్తే నరాలు దెబ్బతింటాయి" అన్న చివరి వాక్యాన్ని ఐదోసారి కూడా చదివింది.

తీసుకెళ్ళి అత్తగారికి చూపించింది.

"మా కాలంలో విటమిన్లూ లేవు, లోపాలూ లేవు" అని విసిరేయబోయిన అత్తగారు, "మట్టి, సుద్ద, బలపం తినాలనిపించడం" దగ్గర ఆగిపోయింది. "అమ్మో! బలపాలు! ఇది మన బొంగరం సంగతే! పసిదాని విషయంలో ఆలస్యం పనికిరాదు. పద, నేనూ వస్తాను. నీకు చెప్పడం చేతకాదు."

కోడలు చెప్పులేసుకుంది.

డాక్టరు గదిలో ఆరేళ్ళ బొంగరం పేరు నిలబెట్టుకుంది. తిరిగే స్టూలెక్కి గిరగిరా తిరుగుతోంది.

"ఏంటమ్మా ఇబ్బంది?" చీటీ మీంచి తలెత్తకుండా అడిగాడు డాక్టరు.

"పెదాల మూలలు చిట్లుతున్నాయండీ. నాలుకంతా పూత. అరికాళ్ళు ఒకటే మంటలు. నాలుగు మెట్లెక్కితే ఆయాసం. దువ్వెన పెడితే చాలు, జుట్టు ఊడొచ్చేస్తోంది."

"అసలుది మింగేస్తావేం?" అత్తగారు అందుకుంది. "డబ్బాడు బలపాలు వారం రావడంలేదు డాక్టరుగారూ! పలక మీద అక్షరం పడకుండానే హాంఫట్!"

"నానమ్మా, అవి నేను..." స్టూలు ఆగింది.

"నోర్ముయ్! పెద్దాళ్ళ మధ్యలో నీ గోలేంటి?"

స్టూలు మళ్ళీ తిరిగింది.

"భేష్!" అన్నాడు డాక్టరు, కాగితంతోనే. "రక్తం తక్కువ, బి విటమిను తక్కువ. ఇంత వివరంగా కనిపెట్టే తల్లులు అరుదమ్మా."

"కనిపెట్టింది నేనండీ" అంది అత్తగారు.

"టానిక్ రాస్తున్నా. మూడు నెలలు మానకూడదు. గుడ్డు, పాలు, ఆకుకూర రోజూ ఉండాలి. ఇంట్లో మిగతావాళ్ళ సంగతి తర్వాత."

"ఎంత మాట! మా ప్రాణమంతా దాని మీదే" అంది అత్తగారు.

"ఇవాళే మొదలుపెట్టొచ్చాండీ?" అడిగింది కోడలు.

"ఇప్పుడే మొదలుపెట్టు."

ఆమె చీటీని రెండు చేతులా అందుకుంది.

ఇంకెవరూ మాట్లాడటం లేదని రూఢి చేసుకుని, బొంగరం స్టూలు దిగి డాక్టరు చొక్కా పట్టి లాగింది.

"డాక్టరంకుల్, ఆ టానిక్ తాగితే అమ్మ ఇంక నా బలపాలు తినదు కదా?"