గట్టి గుండు, నిండు మందు

"ఇది గుండా, నేరేడుపండా?"

పళ్ళెంలోని సీసం గుండును గోటితో నొక్కి చూసి అవతలికి విసిరేశాడు వెంకటసత్యనారాయణ. దాన్ని కరిగించి పోతపోసిన సుబ్బన్న ఇసకలోంచి ఏరుకొచ్చి, తుడిచి, మళ్ళీ పళ్ళెంలో పెట్టాడు.

ఎడారిలో సుబ్బన్నకి వీసా ఇచ్చిన అరబ్బు యజమాని, కఫీల్, వేసుకున్న చలికాలపు గుడారం అది. వేట రైఫిల్‌కి ఏ గుండు పొయ్యాలో, ఎంత మందు కూరాలో తెలిసిన మనిషి కావాలని కఫీల్ కబురు పెడితే, సిటీలోని రిగ్గై నుంచి టాక్సీ కట్టించుకుని వచ్చాడు సత్యనారాయణ. ఆయనగారికి తుపాకీతో ఉన్న పరిచయమల్లా కోనసీమ తీర్థాల్లో బుడగలు పేల్చడమే. మిగతాదంతా యూట్యూబు చలవ. కానీ ఈ నెలలోగా కొత్త కఫీల్ దొరక్కపోతే ఈ దేశంలో ఉండనిచ్చే ఇఖామా కాగితం పోయి ఊరికి విమానం ఎక్కాల్సిందే. ఇక్కడ పని దొరకాలంటే ఈ కడప సుబ్బన్నను కఫీల్ ముందు వెధవను చేస్తే చాలు. ఆ మొహం చూస్తే అదేమంత కష్టమనిపించలేదు.

"ఏవయ్యా, ఇంత మెత్తటి సీసంతో ఎవరైనా పోతపోస్తారా? కాస్త తగరం కలపాలని ఎవరూ చెప్పలేదేంటి?"

"మెత్తగుంటే మేలు గద సార్. రాయికి తగిలినా ఎగరకుండా ఆడనే అణిగిపోతాది."

"మీ కఫీల్ వేటాడేది రాళ్ళనా?"

తెలుగు రాకపోయినా గొంతులోని వెటకారం అర్థమై కఫీల్ నవ్వాడు. రైఫిల్ అందుకుని, ఇక పదమన్నట్టు "యల్లా," అన్నాడు. సుబ్బన్న సొట్టలు పడ్డ ఇనప బాణలి ఒకటి చంకన పెట్టుకుని ఇసక దిబ్బ వైపు వెళ్ళి కనబడకుండా పోయాడు. పని అనేసరికి వీడికి వంట గుర్తొచ్చిందన్నమాట, అనుకున్నాడు సత్యనారాయణ.

కాసేపటికి దిబ్బ ముందు తవ్విన కందకం మీదుగా ఒక చెక్క కుందేలు పరుగు తీసింది. రిమోట్ పెట్టించినట్టున్నాడు, డబ్బున్నవాడు ఏ ఆటైనా ఆడతాడు. కఫీల్ వరసగా పేల్చాడు. కుందేలు చెవి కూడా రాలలేదు, ఇసక మాత్రం ఎగిరింది. ఈ గురికి వేట కూడానా అని సత్యనారాయణ లోపల అసహ్యించుకుని, పైకి మాత్రం ఇంగ్లీషులో, "మీ గురి బ్రహ్మాండం సార్, తప్పంతా గుండుది," అన్నాడు.

సుబ్బన్న రొప్పుతూ తిరిగొచ్చాడు. జుట్టు నిండా ఇసక.

"పడుకుని లేచావా ఏంటి?"

సుబ్బన్న తల దులుపుకుంటూ దగ్గరికి జరిగాడు. "సార్, ఈ గుండు పోయేటప్పుడు కిందికి దిగుతాదా?"

"ఇన్నాళ్ళూ పోతపోసి ఇప్పుడా అడిగేది?"

"మందు ఇంకొంచెం తగ్గీమని మా కఫీల్ బాబాకు చెప్పండి సార్. మీ మాటయితే వింటాడు."

"తగ్గించి? కుందేలుని చంపాలా, ముద్దెట్టుకోవాలా? పిరికి మందు, పిరికి గుండూను. నీలాంటోణ్ణి పెట్టుకున్నందుకు ఆయన్ననాలి."

సత్యనారాయణ కఫీల్ వైపు తిరిగాడు. తగరం కలిపిన గట్టి గుండు వాడాలన్నాడు. మందు నిండా దట్టించాలన్నాడు. గీత గీసినట్టు పోతుందనీ, అడ్డమొచ్చిందాన్ని తొలుచుకుని అవతలికి పోతుందనీ చేతులు తిప్పి మరీ చూపించాడు.

"నమ్మకమేనా?" అన్నాడు కఫీల్.

"నూటికి నూరుపాళ్ళు సార్."

"ఖలాస్. నీ ఇఖామా నేను మార్పిస్తా. ఇవాళే పనిలో చేరు. సుబ్బన్న ఇంటికి పోవచ్చు."

సత్యనారాయణ ఛాతీ ఉబ్బింది. సుబ్బన్న భుజం తట్టాడు. "ఏం అనుకోకయ్యా. బుర్ర లేకపోతే ఎక్కడైనా ఇంతే. ఊరెళ్ళి మేకలు కాసుకో."

సుబ్బన్న రెండు చేతులూ జోడించాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"మీ కడుపు సల్లగుండ సార్. బదులు మనిషి దొరికేదాకా పంపనని మూడేండ్లుగా కూచ్చోబెట్టినాడు."

కఫీల్ అప్పుడే గుడారం లోపలినుంచి, ఎప్పుడో కొని దాచుకున్న వేరే పెట్టె తెచ్చుకున్నాడు. అన్నీ గట్టి గుళ్ళు, నిండు మందు. ఒకటి రైఫిల్‌లోకి ఎక్కించి, కొత్త మనిషి వైపు చూసి, "యల్లా," అన్నాడు.

"ఆ రిమోట్ ఏదయ్యా?" అడిగాడు సత్యనారాయణ.

"రిమోటేంది సార్?"

సుబ్బన్న ఆయన్ని కందకం దాకా నడిపించి లోపలికి దించాడు. చెక్క కుందేలు బిగించిన పొడుగాటి కర్ర చేతికిచ్చాడు. ఇనప బాణలి తీసి ఆయన తలమీద బోర్లించాడు.

"బాగా వొంగి ఉరకాల సార్. కుందేలు కనపడాల, మీరు కనపడగూడదు."

సత్యనారాయణ వేళ్ళతో బాణలిని తడిమాడు. "మరి... ఈ సొట్టలు?"

"అవన్నీ మెత్త గుండువి సార్, తక్కువ మందువి. మీరు చెప్పినదానికి ఆగుతాదో లేదో నేనింకా సూల్లేదు."